సున్నం వేసిన ముత్యాలమ్మ

మా పంచాయతీ కార్యదర్శుల్లో రిజిస్టర్లు పోగొట్టినవాళ్ళున్నారు, తాళాలు పోగొట్టినవాళ్ళున్నారు. ఊరి దేవతను పోగొట్టిన ఘనుణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. అదీ ఎవరూ ఎత్తుకుపోకుండా, పట్టపగలు, నా ఆఫీసు ముందే. ఆ వైభవం చెబుతాను వినండి. మధ్యలో జాలిపడకండి, ఆ అర్హత నాకు లేదు.

ఆరేళ్ళ కిందటి మాట. నాకు ఇరవై నాలుగేళ్ళు. ఖమ్మం టౌన్లో పుట్టి పెరిగినవాణ్ణి, చండ్రుగొండ దాటాక అడవి అంచున ఉన్న ఒక కోయపల్లెకు కార్యదర్శిగా వెళ్ళాను. వెళ్ళిన నెలకే రాజ్యాంగం మొత్తం నా భుజాల మీదే నిలబడి ఉందని గట్టి నమ్మకం కలిగింది. సరిగ్గా అప్పుడే పై ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. సర్కారు ఆఫీసుల్లో, వాటి ఆవరణల్లో ఏ మతం గుర్తులూ ఉండకూడదు. శుక్రవారం పొద్దున పది గంటలకు తనిఖీ.

కాగితంలో తప్పేమీ లేదు. సర్కారు ఆఫీసు అందరిదీ. గోడ మీద ఒకరి దేవుడే ఉంటే ఇంకొకరు గుమ్మం దగ్గరే తటపటాయిస్తారని ఇప్పటికీ నమ్ముతాను. తప్పల్లా ఆ కాగితం నా చేతికి రావడంలో ఉంది.

గోడ మీది వేంకటేశ్వరస్వామి క్యాలెండరు తీశాను. కంప్యూటర్ మీద అతికించిన బైబిలు వాక్యం గీకి తీశాను. బీరువా మీది నెలవంక స్టిక్కరు ఊడబీకాను. ముగ్గురినీ ఒకే అట్టపెట్టెలో పెట్టాను. వాళ్ళేమీ పోట్లాడుకోలేదు. ఆఫీసు ఊడ్చే లచ్చమ్మ, నలభై దాటిన మనిషి, చీపురు పట్టుకుని ఇదంతా చూస్తోంది.

"లచ్చమ్మా, బయట ఆవరణలో ఇంకెవరన్నా దేవుళ్ళున్నరా?" అని అడిగాను.

"ఉన్నది సార్. ముత్యాలమ్మ."

"ఏడ?"

"ఇప్పచెట్టు కింద."

వెళ్ళి చూశాను. గుడి లేదు, విగ్రహం లేదు, గంట లేదు. ఎండుటాకుల్లో మోకాలెత్తు రాయి ఒకటుంది, దానికి ఒక మేక ఒళ్ళు రుద్దుకుంటోంది. పాపం, వీళ్ళకు చెట్టునీడలో కూడా దేవత కనిపిస్తుంది కాబోలని జాలిపడ్డాను. తిరిగొచ్చి రిజిస్టర్లో 'మత చిహ్నాలు: లేవు' అని రాసి సంతకం పెట్టాను. సంతకం కింద గీత కూడా గీశాను, నమ్మకం అంత గట్టిది మరి.

అక్కడితో ఆగితే ఈ కథే లేదు. తనిఖీకి వచ్చేవాళ్ళ కళ్ళు చెదరాలి కదా. గురువారం ఊరంతా సంతకు పోయింది. నేను సత్తుపల్లి నుంచి ఇద్దరు పెయింటర్లను పిలిపించాను. కల్వర్టు పనిలో మిగిలిన రాళ్ళు రోడ్డు పక్కన పడి ఉంటే, నా చేతులతోనే ఒక్కొక్కటీ మోసుకొచ్చి, జెండా గద్దె చుట్టూ గుండ్రంగా పేర్చాను. ఇరవై రాళ్ళు. ఒక్క రాయికి సందు మిగిలింది. నోట్లో ముందు పన్ను ఊడినట్టు ఆ సందు నన్ను వెక్కిరిస్తోంది. చుట్టూ చూశాను. ఇప్పచెట్టు కింద రాయి నాకోసమే ఉన్నట్టనిపించింది, దాన్నీ మోసుకొచ్చి సందులో పెట్టాను.

అవును, మీరనుకుంటున్నదే. నాకు మాత్రం తట్టలేదు.

"సార్, దీని అడుగున పసుప్పచ్చగ ఏందో ఉన్నది," అన్నాడు పెద్ద పెయింటరు.

"మట్టి అయ్యుంటది. సున్నం కొట్టు, అంతా ఒక్కటైతది," అన్నాను. నా ఉద్యోగంలో ఇంత నిజమైన మాట మళ్ళీ అనలేదు.

సున్నంలో గోందు బంక కలిపి రెండు పూతలు వేశారు. "పిడుగు పడ్డా పోదు సార్," అని పెయింటరు హామీ కూడా ఇచ్చాడు. ఎండిన తర్వాత చిన్నా పెద్దా వరుస కుదిరేలా రాళ్ళను మళ్ళీ అటూ ఇటూ మార్చి పేర్చుకున్నాను.

ఆ సాయంత్రమే తొలకరి పడింది.

శుక్రవారం ఎనిమిదింటికల్లా ఆఫీసుకు వెళ్ళేసరికి ఊరంతా ఇప్పచెట్టు కింద ఉంది. బుట్టల్లో జొన్నలు, కందులు, పత్తి గింజలు. ఇద్దరి చేతుల్లో కోళ్ళు. మధ్యలో ఊరి పూజారి సోమయ్య తాత ఖాళీ నేలను చూస్తూ నిలబడ్డాడు. విషయం లచ్చమ్మ చెప్పింది. తొలివాన పడిన తెల్లారి విత్తనాల పండుగ చేస్తారట. ముత్యాలమ్మ ముందు గింజలు పెట్టి, ఆమె ఆకలి తీర్చిన తర్వాతే భూమిలో గింజ పడుతుందట. శివుడాజ్ఞ లేనిదే చీమైనా కుట్టదంటారు. ఇక్కడ ముత్యాలమ్మ ఆజ్ఞ లేనిదే గింజైనా పడదు.

"పండుగ కాకుంటే?" అన్నాను.

"ఎవ్వలు నాగలి కట్టరు సార్. నా వడ్లు చూడున్రి." చంకలోని గోనెసంచి విప్పింది. నారుమడి కోసం మూడు రోజుల ముందే నానబెట్టిన వడ్లు, తెల్లగా మొలకలు వచ్చేశాయి. "ఇయ్యాల చల్లకుంటే మురిగిపోతయ్. ఇంట్ల ఇంక గింజ లేదు. ఈ ఏడు పొలం బీడే."

మొలకలు చూస్తుంటే సిగ్గనిపించింది, భయమేసింది. ఆకాశంలో మబ్బులు తరుముకుంటూ పోతున్నాయి. గడియారం ఎనిమిదీ నలభై చూపిస్తోంది. కాలు ఒక్కచోట నిలవడం లేదు. ఆఫీసులోకి పోయాను, బయటికొచ్చాను, మళ్ళీ లోపలికి పోయాను.

"సారూ, మా అమ్మను ఎవలన్న తీస్కపోవుడు చూసినవా?" అన్నాడు సోమయ్య తాత.

"చూసిన తాతా."

"ఎవలు?"

"నేనే."

అందరూ నన్ను చూశారు. నేను జెండా గద్దె వైపు చెయ్యి చూపించాను. ఇరవై ఒక్క రాళ్ళు, వానకు కడిగిన ముత్యాల్లా తళతళలాడుతున్నాయి.

"గిండ్ల ఏదో చెప్పు బిడ్డా."

"తెల్వదు తాతా. నిన్న చిన్నా పెద్దా చూసి మార్చిన."

వాళ్ళలో వాళ్ళు కోయలో ఏదో అనుకున్నారు. భాష రాకపోయినా నా గురించేనని తెలిసింది. తాత ఒక్కో రాయినీ చేత్తో తడుముతూ చుట్టూ తిరిగాడు. గోందు సున్నం కింద అన్నీ ఒక్క తీరే. ఉలి తెచ్చి సున్నం గీకుతానన్నాను.

"అమ్మ ఒంటికి ఉలి పెడతవా?" అని తాత అడిగాడు.

తొమ్మిదింపావు. లచ్చమ్మ గోనెసంచి మీద చెయ్యి వేసి, నావైపు చూడకుండా కూర్చుంది. తిట్టినా బాగుండేది.

చివరికి తాత అన్నాడు, "అన్నిటికి చేద్దాం."

"తప్పు రాయికి మొక్కితే ఎట్ల?" అన్నారెవరో.

"తప్పు రాయి ఏంది? పసుపు పడ్డంక అది గూడ అమ్మనే. కాకుంటే ఒక్కటి. పసుపు పడ్డ రాయిని మళ్ళ కదిలిచ్చొద్దు."

అంటే తనిఖీకి ముందు వాటిని తీసే వీల్లేదు. కానీ గోనెసంచి ఎదురుగా ఉంది. "కానియ్యి తాతా," అన్నాను.

కోళ్ళ పని ఇప్పచెట్టు కిందే కానిచ్చారు. ఇరవై ఒక్క రాళ్ళకూ పసుపు, కుంకుమ, ఒక్కోదాని ముందు గుప్పెడు గింజలు. తప్పు చేసినవాణ్ణి కాబట్టి పసుపు రాసే పని నాకే పడింది. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందంటారు. నేను అలంకరణ చేయబోతే అమ్మవార్లయ్యారు. ఆఖరి రాయికి పసుపు పడగానే లచ్చమ్మ సంచి నెత్తిన పెట్టుకుని లేచింది.

అప్పుడే జీపు ఆగింది. తనిఖీ మేడం దిగారు. జెండా గద్దె చుట్టూ ఒకసారి చూశారు. మోచేతుల దాకా పసుపుతో ఉన్న నన్ను చూశారు. లోపలికి పోయి రిజిస్టరు తెచ్చుకున్నారు.

"మత చిహ్నాలు లేవు అని రాసినవు. కింద గీత గూడ కొట్టినవు."

"నిన్నటికి లేవు మేడం."

"మరి ఇవన్నీ ఎవరు పెట్టిన్రు?"

నేను నోరు తెరిచేలోపు లచ్చమ్మ ఆగి వెనక్కి తిరిగింది. నాకు మేలు చేద్దామనే, నిండు మనసుతో చెప్పింది:

"మా సారే మేడం. ఇరవై ఒక్కటి ఒక్కడే మోసుకొచ్చి నిలబెట్టిండు. చేతులు పుండ్లయినయ్ గూడ. గింత భక్తి ఉన్న సార్ మాకు ఎన్నడు రాలే."

వారం తిరక్కుండా మెమో వచ్చింది. 'ప్రభుత్వ స్థలంలో అనుమతి లేకుండా ఇరవై ఒక్క దేవతలను ప్రతిష్ఠించినందుకు మీపై ఎందుకు చర్య తీసుకోరాదో తెలుపవలెను.' ఏమని తెలుపను? ఒక దేవతను దాచబోయి కాదు, గుర్తుపట్టలేక అని రాశాను. ఇల్లందు అవతలికి బదిలీ చేశారు. లచ్చమ్మ నారు మాత్రం పచ్చగా లేచింది.

ఇప్పటికీ తొలకరి పడగానే ఆమె ఫోన్ చేస్తుంది. "వాన పడ్డది సార్. జల్దీ రాన్రి. నిలబెట్టినోళ్ళు వచ్చి పసుపు రాస్తేనే గింజ పడేది." సెలవు చీటీలో కారణం ఏం రాయాలో తెలియక ఏటా జ్వరమని రాస్తున్నాను.

కాబట్టి సభాముఖంగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఏ రాయినైనా సరే, ఊళ్ళో దాని పేరు కనుక్కోకుండా ముట్టుకోను. మాట మీద నిలబడ్డాను కూడా. మొన్న కొత్త ఆఫీసులో చేరినప్పుడు, కాగితాలు ఎగిరిపోకుండా బల్ల మీద పెట్టిన గులకరాయిని అటెండరుకు చూపించి, చేతులు కట్టుకుని అడిగాను: "ఈమె ఎవరు?"