పొద్దున లోహం, మధ్యాహ్నం పింగాణీ

రాజమండ్రిలో మా ఫిజిక్స్ డిపార్ట్‌మెంట్ వాళ్లు ఎక్కడ కలిసినా సాసరు కథ చెప్పుకుంటారు. పెళ్లిళ్లలో చెప్పుకుంటారు, రిటైర్మెంట్ సభల్లో చెప్పుకుంటారు, సామర్లకోటలో రైలు ఆలస్యమైతే ప్లాట్‌ఫారం మీద కూడా చెప్పుకున్నారట. ఆ కథలో తెలివితక్కువవాణ్ని నేను. ఇన్నేళ్లలో ఒక్కరంటే ఒక్కరు "అసలేం జరిగిందండీ?" అని నన్ను అడిగిన పాపాన పోలేదు. నేనే చెప్పబోతే "మాకు తెలుసులెండి" అంటారు. తెలియదు. అందుకే రాస్తున్నాను. దీంతో నా పరువు పోతుందని నాకూ తెలుసు. పోయేది ఎలాగూ పోతుంది, కనీసం వివరాలు సరిగ్గా ఉండి పోవాలి.

అప్పట్లో నేను రీసెర్చ్ స్కాలర్‌ని. మా గైడు సత్యనారాయణ గారు ఒక ఆక్సైడు పదార్థాన్ని ఇద్దరికి అప్పగించారు. పొడి నూరి, బిళ్ళగా నొక్కి, ఫర్నేసులో కాల్చి, అందులోంచి కరెంటు ఎలా పోతుందో కొలవడం నా పని. అదే పదార్థంలో ఎలక్ట్రాన్లు ఎలా నడుచుకుంటాయో కంప్యూటర్లో లెక్క కట్టడం గ్రేస్ సుజాత గారి పని. ఆవిడ తండ్రి పాలకొల్లు దగ్గర లూథరన్ చర్చిలో పాస్టరు. ఆవిడకి గట్టిగా మాట్లాడటం రాదు. నాకు మెల్లగా మాట్లాడటం రాదు. అందువల్ల ల్యాబులో నేనొక్కణ్నే ఉన్నట్టుండేది.

లెక్క ఏమిటో తెలియనివాళ్ల కోసం చెబుతాను. ఎలక్ట్రాన్లన్నీ కొవ్వూరు గట్టున ఉన్నాయనుకోండి. కరెంటు పారాలంటే అవి రాజమండ్రి గట్టుకి చేరాలి. లోహంలో మధ్యన నదే ఉండదు, నడిచి వచ్చేస్తాయి. పింగాణీ లాంటి వాటిలో నది ఉంటుంది, వంతెన ఉండదు, పడవ కూడా ఉండదు. సుజాత గారి లెక్క ప్రకారం మా పదార్థంలో నది మహా వెడల్పు. అందులోంచి కరెంటు పోయే ప్రశ్నే లేదు.

నా బిళ్ళలోంచి పోయింది.

ఎలా పోయిందో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. మొదట్లో నా బిళ్ళలన్నీ ఫర్నేసులో అప్పడాల్లా పగిలేవి. ఇంట్లో గోడు వెళ్లబోసుకుంటే మా అమ్మ భీమేశ్వరస్వామి గుడి కుంకుమ పొట్లం చేతిలో పెట్టి, "ఆ పొయ్యికి ఓ బొట్టు పెట్టరా, పోయేదేముంది" అంది. పెట్టాను. ఆ రోజు బిళ్ళ పగల్లేదు.

ఇక్కడ నవ్వబోయేవాళ్లు ఒక్క క్షణం ఆగాలి. కొత్త స్కూటరుకి బొట్టు పెడతాం. గ్యాసు పొయ్యికి, ఫ్రిజ్జుకి పెడతాం. కడియం నుంచి మొక్కల లోడుతో బయల్దేరే లారీకి పెడతాం. ఫర్నేసుకి పెట్టి, అందులోంచి క్షేమంగా బయటపడిన బిళ్ళకి పెట్టకపోతే అది పక్షపాతం. నేను పక్షపాతిని కాను. రోజూ పొద్దున్నే స్నానం చేసి వచ్చి, గడపకి రాసినట్టు బిళ్ళ మీద ఈ చివరి నుంచి ఆ చివరిదాకా తడిపసుపు రాసి, మధ్యలో కుంకుమ అద్దేవాణ్ని. తరవాత అటో తీగ, ఇటో తీగ తగిలించి, వెలుతురు పడకుండా స్టీలు డబ్బాలో పెట్టి మూత వేసి మీటరు చూసేవాణ్ని. అటూ ఇటూ తీగలు, మధ్యన బొట్టు. పెళ్లికూతురిలా ఉండేది.

మీటరు చక్కగా పలికింది. ఎండెక్కేకొద్దీ కరెంటు తగ్గుతూ వచ్చింది. వేడెక్కితే కరెంటు తగ్గేది లోహంలోనని డిగ్రీ పుస్తకంలోనే ఉంది. ఆ పుస్తకం తీసుకుని సుజాత గారి బల్ల దగ్గరికి వెళ్లాను.

"సుజాత గారూ, మీ కంప్యూటరు తప్పు చెబుతోందండి."

"ఏమైందండి?"

"మన పదార్థం లోహమండి."

"అలా ఎలాగండి? మధ్యాహ్నం కూడా చూశారా?"

"మధ్యాహ్నానికి కాస్త నీరసపడుతోందండి."

"నీరసం ఏంటండి?"

"ఎండలండి. మనకే ఓపిక ఉండట్లేదు."

ఆవిడ లేచి వచ్చి డబ్బా మూత తీశారు. చాలాసేపు లోపలికి చూశారు. తరవాత మెల్లగా అడిగారు.

"దీని మీద... ఏమీ లేదు కదండి?"

"ఏమీ లేదండి."

నేను అబద్ధం చెప్పలేదు. దుమ్ము 'ఏదో' అవుతుంది. నూనె మరక 'ఏదో' అవుతుంది. బొట్టు కూడా ఆ లెక్కలోకి వస్తుందని నాకెవరు చెప్పారు?

"అంటే, పైన శుభ్రంగానే ఉందంటారా?"

"శుభ్రం గురించి నన్ను అడుగుతున్నారా? స్నానం చెయ్యకుండా దాన్ని ముట్టుకోనండి!"

"సరేనండి" అని ఆవిడ మూత పెట్టేశారు. నన్ను అనుమానించిన సంగతి ఆ రోజే మనసులో రాసుకున్నాను. అంతకుముందు ఒకసారి నా స్క్రూడ్రైవరు అడక్కుండా తీసుకెళ్లింది కూడా ఆవిడే. తిరిగి ఇచ్చారనుకోండి. అది వేరే విషయం.

నేను ఊరుకోలేదు. గైడు గారి గదికి వెళ్లి, కంప్యూటరు లెక్కల వల్ల నా ప్రయోగానికి అవమానం జరుగుతోందని ఫిర్యాదు చేశాను. ఆయన కళ్లజోడు తీసి ఇద్దర్నీ నిలబెట్టి మాట్లాడారు.

"ఒక పేపర్లో రెండు జవాబులు కుదరవమ్మా. సెమినారుకి విశాఖ నుంచి ప్రొఫెసరు గారు వస్తున్నారు. వీడు ఆయన ముందే కొలిచి చూపిస్తాడు. లోహమని తేలితే నీ లెక్కలు పక్కన పెట్టి మళ్లీ మొదలుపెట్టుకోవాలి."

సుజాత గారి ఫెలోషిప్ ఆ ఏడాదితో అయిపోతుంది. మళ్లీ మొదలుపెట్టడమంటే సామాను సర్దుకుని ఇంటికి వెళ్లడమే. ఆవిడ మొహం పాలిపోయింది. నేను మనసున్నవాణ్ని కాబట్టి వరండాలో ఓదార్చాను.

"బాధపడకండి. కంప్యూటరుకేం తెలుస్తుందండి పాపం."

"ఒక్క సాయం చేస్తారా? సెమినారు రోజున కొత్త బిళ్ళ పెట్టండి. కాల్చింది కాల్చినట్టే. దానికి ఏమీ... ఏమీ చెయ్యకుండా."

"ఎందుకండి?"

"ఊరికేనండి."

"ఊరికే నేను ఏ పనీ చెయ్యనండి" అన్నాను. ఆ మాట ఇప్పటికీ మా వాళ్లు నన్ను అనుకరిస్తూ అంటారు. గొంతు ఎవరికీ సరిగ్గా రాదు.

సెమినారు రోజు పొద్దున మామూలుగా కాకుండా ఘనంగా చేశాను. పసుపు రెండు పూతలు, పైన గంధం, కుంకుమ బొట్టు రూపాయి బిళ్ళంత. మీటరు ఎన్నడూ లేనంత బాగా పలికింది. హాలు నిండా జనం. ప్రొఫెసరు గారు ముందు వరసలో టీ తాగుతూ విన్నారు. నా పదార్థపు గుణానికి 'ప్రాతఃకాల లోహత్వం' అని పేరు పెట్టినట్టు కూడా ప్రకటించాను.

ఆయన కప్పు పక్కన పెట్టారు. "పొద్దున్నే ఎందుకు బావుంటుందండి?"

"దాని స్వభావం అదండి."

"వానాకాలంలో?"

"రోజంతా బావుంటుందండి."

"ఆ డబ్బా ఓసారి తియ్యండి." తీశాను. ఆయన వంగి చూశారు. "ఇదేంటండి?"

"శాంపిలండి."

"శాంపిల్ మీద?"

"బొట్టండి."

"ఎవరు పెట్టారు?"

"నేనేనండి. రోజూ పెడతాను."

"తడిదేనా?"

"పొడిది అంటుకోదు కదండి."

హాల్లో ఎవరూ నవ్వలేదు. ఆ నవ్వు తరవాత మొదలైంది, ఇంకా ఆగలేదు. ప్రొఫెసరు గారు తన టీ కప్పు కింది సాసరు తీసి, జేబురుమాలుతో తుడిచి బోర్లించి నా ముందు పెట్టారు.

"దీనికీ అలాగే రాయండి. ఏ లోపం చెయ్యకండి."

రాశాను. పసుపు, గంధం, కుంకుమ. తీగలు తగిలించాను. మీటరు అంతే చక్కగా పలికింది.

"సత్యనారాయణ గారూ, మీ కాంటీను సాసరు కూడా లోహమేనండి. మధ్యాహ్నందాకా."

తరవాత ఆయన దూదితో, స్పిరిట్‌తో నా బిళ్ళని తుడిచి, ఆరబెట్టి, మళ్లీ తీగలు తగిలించారు. మీటరులో చలనం లేదు. అటు కొవ్వూరు, ఇటు రాజమండ్రి, మధ్యన వెడల్పాటి గోదావరి, సుజాత గారు చెప్పినట్టే. ఇన్నాళ్లూ దాని మీద రోజూ పొద్దున్నే పసుపుతో వంతెన కట్టింది నేను. మధ్యాహ్నానికి అది ఆరిపోయేది. ఆరిపోవడమే నాకు లోహత్వంలా కనిపించింది.

బయటికి వచ్చాక సుజాత గారిని నిలదీశాను.

"మీరు ముందే చూశారు కదండి?"

"చూశానండి."

"మరి నోరు విప్పి చెప్పరేం?"

"ఏమని చెప్పనండి? పాస్టరు గారమ్మాయి వచ్చి 'ఆ బొట్టు చెరిపెయ్యండి' అంటే మీరు ఊరుకునేవారా?"

నేను ఆలోచించాను. ఊరుకునేవాణ్ని కాదు. కాలేజీకి, ఊరికి, వీలైతే జిల్లాకి ఫిర్యాదు చేసేవాణ్ని. ఆవిడ తన భవిష్యత్తంతా పణంగా పెట్టి, నా బొట్టుకి మర్యాద ఇచ్చారు. ఈ ఒక్క విషయంలో నాకు ఆవిడ మీద ఫిర్యాదు లేదు.

ఇంకో విషయంలో ఉంది. పేపరు అచ్చయింది, ఆవిడకి డాక్టరేటు వచ్చింది, సంతోషం. ఆ పేపరు చివర కృతజ్ఞతల్లో గైడు గారున్నారు, ప్రొఫెసరు గారున్నారు, "సాసరు సమకూర్చిన కాంటీను వారికి" అని కాంటీను కూడా ఉంది. నా పేరు లేదు.

కనుక ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఇకముందు ఏ ఘనపదార్థానికీ, అది ఎంత క్షేమంగా ఫర్నేసులోంచి బయటికి వచ్చినా సరే, కొలత పూర్తికాకుండా బొట్టు పెట్టను. కొలత అయ్యాక పెడతాను. అందులో ఎవరి మాటా వినను.

సత్యనారాయణ గారూ, సుజాత గారూ, ఇన్నాళ్లుగా ఎదురుపడినప్పుడల్లా అడుగుతున్నాను, మీరు నవ్వి తప్పించుకుంటున్నారు. ఈసారి నలుగురి ముందు అడుగుతున్నాను. సాసరు కాంటీనుదే, ఒప్పుకుంటాను. దాని మీద పసుపు ఎవరిదండీ? జవాబు చెప్పండి.