ఎర్రకోటులో ఖైదు

నా దగ్గర పదకొండు కోట్లున్నాయి. ఖరగ్‌పూర్‌లో ఈ మాట ఎవరికైనా చెబితే ముందు లేచి నిలబడతారు. ఎలాంటి కోట్లో తెలిశాక మళ్ళీ కూర్చుంటారు. నేను పోగుచేసేవి పాతకాలపు మిలటరీ కోట్లు. యుద్ధానికి వెళ్ళేటప్పుడు తొడిగేవి కాదు, కవాతులకూ విందులకూ తొడిగే దర్జా కోట్లు. రంగురంగుల ఉన్ని, ఇత్తడి బొత్తాలు, జరీ పట్టీలు. పని చేసినన్నాళ్ళూ నేను రైల్వే వర్క్‌షాపు స్టోర్సులో గుమాస్తాని. తుపాకీ మాట అటుంచండి, దీపావళికి తారాజువ్వ కూడా మా ఆవిడే వెలిగిస్తుంది.

సుభాష్‌పల్లిలో మాది రెండు గదుల ఇల్లు. ఒక గది కోట్లది. రెండోది మా ఇద్దరిదీ. వానాకాలం వస్తే ఉన్నికి బూజు పడుతుందని ఆ గది కిటికీలు తెరవనివ్వను, ఇల్లు విడిచి కదలను. "మీ పటాలాన్ని ఒగ్గేసి ఏ ఊరూ ఎల్లలేం" అంటుంది మా ఆవిడ. ఆవిడ వీధి మొత్తానికి జాకెట్లు కుడుతుంది. అయినా నా కోట్ల మీద ఆవిడ సూది పడనివ్వలేదు. పాత కుట్టు చెదిరితే కోటు విలువ పోతుందని నా వాదన.

అన్నిటిలోకీ నాకు ప్రాణం ఎర్రకోటు. పాత రైల్వే బంగళా ఖాళీ చేసి వెళ్ళిపోతూ ఒక ఆంగ్లో ఇండియన్ ముసలావిడ నాకిచ్చింది. వాళ్ళ తాతగారు రైల్వే వాలంటీరు దళంలో తొడిగిన కోటట. "దర్జీ చేతి నుంచి వచ్చాక దీన్ని ఇంకో సూది ముట్టలేదు" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాణ్ణి. అడగనివాళ్ళకి రెండుసార్లు చెప్పేవాణ్ణి.

మొన్న విశ్వకర్మ పూజకి ముందురోజు చూస్తే దాని కాలరు కొక్కెం నోరు తెరిచి ఉంది. ప్లయర్స్‌తో కాస్త నొక్కాను. స్టోర్సు గుమాస్తా ప్లయర్స్ పంచాలి గాని పట్టుకోకూడదు. పట్టుకున్నాను.

పూజనాడు మా ఊళ్ళో పనిముట్టనేది పని చెయ్యదు. వర్క్‌షాపులో లేతు మిషన్ల నుంచి పూరీ గేట్ దగ్గర సైకిలు పంక్చర్లు వేసే అతని రెంచి వరకూ అన్నీ స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, విశ్వకర్మ ముందు పడుకుంటాయి. మర్నాడు పొద్దున్న లేపేదాకా వాటిని ఎవరూ ముట్టరు. మా ఇంట్లో ఆవిడ కుట్టుమిషనూ, కత్తెర్లూ, సూదులూ, నా ప్లయర్సూ అలాగే దేవుడి ముందు చేరాయి.

ప్రసాదానికి బావ వచ్చాడు. నిమ్‌పురా లోకో షెడ్డులో ఫిట్టరుగా రిటైరైనవాడు. చుట్టరికం లేదు, ఇద్దరిదీ శ్రీకాకుళం వైపు కాబట్టి బావా అంటే బావా అనుకుంటాం.

"ఏటి బావా, ఎప్పుడూ పెట్టిలోనే పెడతావు. ఓపాలి తొడిగితే ఏటి, అరిగిపోద్దా? లేపోతే పొట్ట పట్టదా?"

నాకు రోషం వచ్చింది. కోటు తొడిగాను. పొట్ట మీద బొత్తాలు పెట్టే సాహసం చెయ్యలేదు గాని, మెడ మాత్రం నాజూకే కదా అని కాలరు దగ్గరికి లాగాను. కొక్కెం 'టక్' మంది. గుమాస్తా క్షణంలో మేజరయ్యాడు.

బావ సెల్లులో ఫొటో తీశాడు. నేను కొక్కెం తీయబోయాను. రాలేదు. బావ తీయబోయాడు, గోరు విరిగింది.

"ప్లయర్స్ అందుకో బావా."

"ఇయ్యాలా?" రెండడుగులు వెనక్కేశాడు. "నలబయ్యేళ్ళు షెడ్డులో సేసినాను. ఇదిగో, పది వేళ్ళూ ఉన్నాయి." నా మొహం ముందు చేతివేళ్ళు ఆడించాడు. "ఎందుకున్నాయనుకున్నావు? ఈ ఒక్క రోజూ దేన్నీ ముట్టనేదు. రేపు పొద్దున్న ఆరింటికొచ్చి ఇప్పేస్తాను, ఠీక్ హై?"

పులిహోర పొట్లం పట్టుకుని వెళ్ళిపోయాడు.

కొబ్బరినూనె రాస్తానంది ఆవిడ. ఉన్నికి మరక పడుతుందని నేనే వద్దన్నాను. ఆ కాలరు నాలుగు వేళ్ళ ఎత్తు, అట్టంత గట్టి. తల వంచి కంచం చూడలేను. మేడల మీద పిల్లలు గాలిపటాలు తెంచుకుంటూ 'భో కాట్టా' అని అరుస్తుంటే తల ఎత్తి ఆకాశం చూడలేను. ఎదురుగా గోడ మాత్రం కనిపిస్తుంది. కరెంటు పోయింది. భాద్రపదం ఉక్క. మెడ చుట్టూ చెమట పట్టి ఉన్ని దురద మొదలైంది. ఆవిడ పులిహోర ముద్దలు చేసి నోట్లో పెట్టింది. మూడో ముద్ద గొంతు దిగలేదు.

మూడింటికి బీపీ మాత్ర కూడా గొంతులోనే ఆగింది. ఊపిరి పైపైన ఆడుతోంది. రేపు ఆరు దాకా ఇంకా పదిహేను గంటలు. గదిలో అటూ ఇటూ తిరిగాను. తిరిగినకొద్దీ గది చిన్నదైపోయింది. ఇన్నేళ్ళూ నేను కిటికీలు తెరవనివ్వని గది.

"కోసెయ్" అన్నాను.

"ఏటి?"

"కాలరు కోసెయ్. వంటింటి చాకు పూజలో లేదుగా."

"లేదు. అది కూడా పూజలో పెడితే ఇయ్యాల వంటెలాగ?" నావైపు అనుమానంగా చూసింది. "రేపు నన్నేటీ అనకూడదు మరి. పాత కుట్టు, పాత కుట్టని నా పేణం తియ్యకూడదు."

"అనను. తొందరగా."

మెడ మీద కత్తి పెట్టడమంటే ఏమిటో అప్పుడు తెలిసింది. నన్ను కిటికీ దగ్గర కూర్చోబెట్టి, కిటికీ తెరిచి, రెండు వేళ్ళు నా గొంతుకీ కాలరుకీ మధ్య దూర్చింది. కాలరు కొయ్యలేదు. అంచు కొంచెం మడిచి, లోపలి గుడ్డ కుట్టు ఒక్కొక్కటే చాకు మొనతో తెంపసాగింది. నేను కళ్ళు మూసుకున్నాను. ఒక్కో కుట్టూ తెగుతుంటే సన్నగా వినబడేది. నేను గొప్పలు చెప్పుకున్న కుట్టు.

చెయ్యి ఆగింది.

"ఏటండీ, ఇది ముందే ఎవరో ఇప్పి కుట్టినారు."

"ఏం కూస్తున్నావు?"

"కదలకండి, గొంతు తెగుద్ది. మిగతాదంతా ఎర్రదారం. ఇక్కడ జానెడు మేర తెల్లదారం. దర్జీ కుట్టు కాదిది, ఇంట్లో కుట్టింది. కంగారుగా కుట్టినట్టుంది పాపం. ఎవరావిడో గాని, సరిగ్గా కొక్కెం దగ్గరే ఇప్పింది."

కొక్కేన్ని పట్టి ఉంచిన దారాలు తెంపింది. కాలరు విచ్చుకుంది. మెడకి గాలి తగిలింది. చాలాసేపు ఊపిరి తీసుకోవడం తప్ప ఇంకేమీ చెయ్యలేదు నేను. తర్వాత కోటు విప్పి కాలరు తిరగేసి చూశాను. తెల్లదారమే. ముసలావిడ చేతుల్లోంచి అందుకున్న రోజు నుంచీ అది నా ఇంట్లోనే ఉంది. జరీ చూశాను, బొత్తాలు తుడిచాను. లోపలికి ఒక్కసారీ తొంగి చూడలేదు.

"ఇంక ఎవరికీ చెప్పకండి, సూది ముట్టలేదని" అంది ఆవిడ, నవ్వు ఆపుకోలేక.

మర్నాడు ఆరింటికి బావ ప్లయర్స్‌తో వచ్చాడు. నా మెడ ఖాళీగా ఉండడం చూసి కొంచెం నిరాశపడ్డాడు. టీ తాగి వెళ్ళాడు. ఆవిడ సూదుల డబ్బా దేవుడి ముందు నుంచి తీసి, కోటు ఒళ్ళో వేసుకుంది. కోట్ల గది కిటికీ ఇంకా తెరిచే ఉంది. నేను మూయలేదు.

"ఏ దారం ఎక్కించమంటారు? ఎరుపా, తెలుపా?"

"నీ ఇష్టం" అన్నాను. ఆ కోట్ల విషయంలో ఆవిడతో ఆ మాట అనడం అదే మొదలు.