కణాల్లో సూదులు

స్లైడుకు రంగు వేసే స్టెయిన్ సీసా మూత తీయగానే ముక్కుకు తగిలే మిథనాల్ ఘాటు ఇవాళ కూడా నన్ను తెనాలిలోని ఆ చిన్న ల్యాబుకు తీసుకుపోయింది. చుండూరు నుంచి రోజూ బస్సులో వచ్చే నాకు అక్కడ టెక్నీషియన్ పని నేర్పింది మా పాథాలజిస్టు సుగుణ మేడమ్. బాపట్ల ఆవిడ, తండ్రి లూథరన్ బడిలో పంతులు. తప్పు చేసి చెప్పినవాళ్ళను ఏమీ అనేవారు కాదు. దాచినవాళ్ళతో మాత్రం రెండు రోజులు మాట్లాడేవారు కాదు.

ఒకసారి రేపల్లె నుంచి వచ్చిన రిటైర్డ్ మాస్టారికి ఎముక మూలుగ పరీక్ష చేశారు. ఏడాదిగా నడుంనొప్పికి మందులు మింగుతున్నారాయన. ఒంట్లో రక్తం తగ్గిపోతోంది. స్లైడుకు రంగు వేసి మైక్రోస్కోపులో చూద్దును కదా, కణాల నిండా సన్నని సూదుల్లాంటివి. స్టెయిన్ పాడైందనుకుని, వడగట్టి ఇంకో స్లైడు చేశాను. మళ్ళీ అవే. భయపడుతూనే వెళ్ళి మేడమ్‌కు చెప్పాను.

ఆవిడ చాలాసేపు చూశారు. "రంగు ముద్దకడితే కణాల బయట కూడా పడాలి కదమ్మా. ఇవన్నీ లోపలే ఉన్నాయి, చూడు," అన్నారు. మూలుగలో ప్లాస్మా కణాలు క్యాన్సరుగా మారి ఒకే ప్రోటీన్‌ను అదుపు లేకుండా తయారుచేస్తాయనీ, దాన్ని మింగిన కణాల్లో అది ఎప్పుడో గానీ ఇలా స్ఫటికాలుగా గట్టిపడదనీ చెప్పారు. తానూ పుస్తకాల్లోనే చూశారట.

నాకు కాలు నిలవలేదు. పక్క గదిలోవాళ్ళను పిలిచాను, ఫోనుతో ఫొటోలు తీశాను. మేడమ్ గొంతు తగ్గించి, "ఆయన భార్య బయట బల్ల మీదే కూర్చునుంది," అన్నారు. నా ఫోను వంక చూసి, "మనకిది అరుదైన స్లైడు. ఆవిడకి మొగుడు," అన్నారు.

మిగతా పరీక్షలూ వచ్చి జబ్బు ఖాయమైన రోజున మేడమే వెళ్ళి ఆ బల్ల మీద ఆవిడ పక్కన కూర్చున్నారు. కణాల్లో స్ఫటికాలు కనబడ్డాయని మేడమ్ చెప్పగానే, కిడ్నీలో రాళ్ళలాగా వీటినీ కరిగిస్తారా అని ఆవిడ అడిగింది.

"లేదండి. ఇది మూలుగలో వచ్చిన క్యాన్సర్. మందులున్నాయి. పూర్తిగా పోతుందని మాత్రం చెప్పలేను."

ఆవిడ ఏడవలేదు. "ఏడాది నుంచీ ఏంటో ఎవరూ చెప్పలేదండి," అంది.

గుంటూరులో వైద్యం చేయించుకుని మాస్టారు మరో మూడేళ్ళు బతికారు. సుగుణ మేడమ్ నిరుడు బాపట్లలో పోయారు.

అరుదైనది కనబడితే ఇప్పటికీ నా గుండె వేగం పెరుగుతుంది. అది తప్పని ఆవిడ ఏనాడూ అనలేదు. ఎవరినైనా పిలిచే ముందు మాత్రం, స్లైడు మీది పేరు ఒకసారి మెల్లగా పైకి చదువుకుంటాను.