గుడ్డ కింద చెయ్యి

ఆ వీధిలో చిన్నపిల్లలకు జుట్టు కత్తిరించాలంటే అందరూ మెత్తచేతి బాబాయ్ దగ్గరికే వస్తారు. ఆయన అసలు పేరు ఇంటావిడకైనా గుర్తుందో లేదో మరి. మలుపులో పెద్ద అద్దాలతో, చల్లటి గాలితో కొత్త సెలూన్ పెట్టారు. అయినా పిల్ల గుక్కపట్టకుండా పని కావాలంటే ఈ రెండు కుర్చీల కొట్టే గతి.

కుర్చీ చేతుల మీద అడ్డంగా చెక్క వేసి, పిల్లను దాని మీద కూర్చోబెట్టి, మెడచుట్టూ గుడ్డ కడతాడు. ఇక కబుర్లు మొదలు. ఆ కబుర్లలో పడి పిల్ల నోరు వెళ్ళబెట్టేసరికి సగం తల అయిపోతుంది. మిగతా సగానికి "అయిపోయింది, అయిపోయింది" అనే అబద్ధం ఉండనే ఉంది. గుడ్డ కిందనుంచి ఎప్పుడైనా చిన్న చెయ్యి పైకి వచ్చిందా, మాట ఆపకుండా, అటు చూడకుండా, ఎడమచేత్తో దాన్ని కిందికి నొక్కేస్తాడు. కత్తెర ఆడేచోటికి వేలు రాకూడదు కదా. ఇన్నేళ్ళలో ఒక్క పిల్లకు గీత పడలేదంటే ఆ ఎడమచేతి చలవే. రెప్ప వేయడం గురించి మనం ఎంత ఆలోచిస్తామో, దాని గురించి ఆయనా అంతే ఆలోచించాడు.

ఆయనకు ఒక్కతే కూతురు. ఐదేళ్ళది. పొద్దస్తమానం కిచకిచలాడుతూ ఉంటుందని పిచిక అంటారు. ఉన్నట్టుండి ఆ పిచిక ఏది పెట్టినా ఒక దవడతోనే నమలసాగింది. వాళ్ళమ్మ నోరు తెరిపించి చూస్తే వెనక పన్నుకు నల్లగా గుంట, ఇంకోవైపు పన్నుకు అలాంటిదే చిన్న మచ్చ.

"పిప్పిపన్నండీ. పళ్ళ డాక్టరుకి చూపించాలి. నేనూ ఆ రోజు పని మానేసి వస్తాను" అంది ఆవిడ. ఆవిడ బట్టల కొట్లో కుట్టుపని చేస్తుంది.

"నువ్వెందుకూ? పిల్లల తలలు పట్టుకోవడం నాకు కొత్తా?" అన్నాడు బాబాయ్. మాట వచ్చిన తీరు చూస్తే డాక్టరు చదువు కూడా సగం ఆయనే చదివినట్టుంది.

నిజం చెప్పాలంటే పిల్లను సిద్ధం చేయడానికి పాపం ఆయన చాలా పాటుపడ్డాడు. సాయంత్రం బేరాలు లేనప్పుడు గడ్డం గీసే కుర్చీ వెనక్కి వాల్చి పిచికను పడుకోబెట్టేవాడు. చేతి అద్దం పట్టుకుని, దువ్వెన కాడతో పళ్ళ మీద టకటక కొట్టేవాడు.

"ఆఁ అను. ఇంకా పెద్దగా. అబ్బో, ఇక్కడెవరో మనల్ని అడక్కుండా కాపురం పెట్టేశారే!"

"ఎవరు నాన్నా?"

"పురుగుగారు. పెళ్ళాంబిడ్డలతో సహా దిగిపోయాడు. డాక్టరమ్మ వచ్చి ఖాళీ చేయిస్తుంది."

పిచిక పడీపడీ నవ్వేది. తర్వాత ఆయన్ని పడుకోబెట్టి తను డాక్టరమ్మ అయ్యేది. ఆట ముగిసే వేళకు మాత్రం రోజూ ఒకటే ప్రశ్న.

"నొప్పి పుడుతుందా నాన్నా?"

"ఛఛ! చీమ కుట్టినంత కూడా ఉండదు."

తండ్రి చేతిని చెంప కింద పెట్టుకుని ఆ కుర్చీలోనే నిద్రపోయేది. ఇంతకన్నా గొప్పగా ఎవరు సిద్ధం చేస్తారని ఆయన మురిసిపోయాడు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ చిన్న వయసుది, తొందర లేని మనిషి. కుర్చీని పైకీ కిందికీ ఆడించి చూపించింది, నీళ్ళు చిమ్మే గొట్టాన్ని పిచిక చేతికే ఇచ్చింది. మెడకు గుడ్డ కట్టాక ముందుకు వంగి నెమ్మదిగా చెప్పింది.

"ఇదిగో బంగారం, కొంచెం నొప్పి పుట్టొచ్చు. పుట్టదని నేను చెప్పను. పుడితే ఈ చెయ్యి ఎత్తు, నేను వెంటనే ఆపేస్తాను. సరేనా?"

పిచిక తండ్రి వైపు చూసింది. చీమ కుట్టినంత కూడా ఉండదన్నాడు కదా! "ఉత్తినే అంటున్నారులేమ్మా" అన్నాడు బాబాయ్.

పన్ను తొలిచే మిషన్ గుయ్యిమంది. డాక్టరమ్మ కళ్ళు పంటి మీదే ఉన్నాయి. తలవైపు నిలబడి బాబాయ్ పురుగుగారి కథ ఎత్తుకున్నాడు. కాసేపటికి గుడ్డ కిందనుంచి చిన్న చెయ్యి పైకి లేచింది.

ఎడమచెయ్యి దాని పని అది చేసింది. మాట ఆపకుండా, అటు చూడకుండా ఆ చేతిని కిందికి నొక్కేశాడు. "అయిపోయింది తల్లీ, అయిపోయింది." మళ్ళీ లేచింది. మళ్ళీ నొక్కాడు. ఈసారి తను పట్టుకున్నదేమిటో తెలిసింది. ఇంతలో మిషన్ దానంతటది ఆగింది. పిల్ల కళ్ళనిండా నీళ్ళు. చూస్తున్నది మాత్రం డాక్టరమ్మ వైపు కాదు.

"శెభాష్! ఒక్కసారి కూడా చెయ్యి ఎత్తలేదే!" అంది డాక్టరమ్మ.

బాబాయ్‌కి తల కొట్టేసినట్టయింది. ఎత్తింది, నేనే నొక్కేశాను అని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? ఆ ఒక్క ముక్క నోట రాలేదు. "మా పిల్ల గట్టిది డాక్టరమ్మా" అన్నాడు. నొక్కడం అలవాటు, సరే. ఈ మాట అలవాటు కాదు. తర్వాత ఆయన్ని ఎక్కువగా పీడించింది ఇదే.

ఇంటికొచ్చాక పిచిక ఏడవలేదు, అలగలేదు. వాళ్ళమ్మతో కిచకిచలు మామూలే. కొట్టుకు రావడం మాత్రం మానేసింది. ముంగురులు కళ్ళలో పడుతున్నాయి, కత్తిరిస్తాను రమ్మంటే "క్లిప్పు పెట్టుకుంటాలే" అంది. ఒకరోజు ఆయనే పిల్ల ముందు కూర్చుని దాని గడ్డం పట్టుకున్నాడు.

"తప్పయిపోయిందమ్మా. కొట్లో అలవాటు కదా, చూసుకోలేదు."

"ఊఁ" అంది పిచిక.

తిట్టినా బాగుండు, రెండు గుద్దినా బాగుండు. ఆ "ఊఁ" పట్టుకుని ఆయన ఏం చేసుకోవాలి?

రెండో పన్నుకు మళ్ళీ వెళ్ళాల్సిన రోజు వచ్చింది. పిల్ల మొండికేస్తుంది, గడప పట్టుకుని వేలాడుతుంది అనుకున్నాడు బాబాయ్. పిచిక అందరికన్నా ముందు లేచి చెప్పులు వేసుకుని కూర్చుంది. ఈసారి తల్లి కూడా బయలుదేరింది. పిల్లకు భయం లేదని దారిపొడుగునా బాబాయ్‌కి ప్రాణం లేచొచ్చినట్టయింది. లోపలికి వెళ్ళగానే డాక్టరమ్మకు ఆ రోజు సంగతి చెప్పేయాలనుకున్నాడు.

గది తలుపు దగ్గర పిచిక తల్లి చెయ్యి పట్టుకుని ఆగింది.

"నాన్న ఇక్కడే కూర్చోవాలి."

"అదేంటే? నాన్న పక్కన లేకపోతే భయం వెయ్యదూ?" అంది తల్లి.

"నాన్న ఉంటే చెయ్యి ఎత్తనివ్వడు."

కోపంగా అనలేదు. బయట వాన పడుతోంది అన్నట్టు అంది. భార్య ఏమీ అర్థంకాక మొగుడి మొహం చూసింది. ఆయన బెంచీ మీద కూలబడ్డాడు. పిల్ల భయపడింది పళ్ళ డాక్టరుకు కాదు. ఇన్ని సాయంత్రాలు కూర్చుని ఆయన పోగొట్టిన భయం పోయే ఉంది. కొత్తది ఆయనే పెట్టాడు.

తలుపు మూసుకుంది. మిషన్ మొదలైంది. వెంటనే ఆగింది. నొప్పి పుట్టిందేమోనని ఆయన సగం లేచాడు. మళ్ళీ మొదలైంది, మళ్ళీ ఆగింది. ఇంతలో లోపలినుంచి పిచిక నవ్వు వినిపించింది. నొప్పి కాదు. చెయ్యి ఎత్తితే నిజంగా ఆగుతుందో లేదో చూసుకుంటోంది. ఎత్తినప్పుడల్లా ఆగుతోంది. ఆయన మొహాన్ని తువ్వాలుతో గట్టిగా తుడుచుకున్నాడు.

కొంతసేపటికి భార్య తలుపు తెరిచి తొంగిచూసింది. "బాగానే చేయించుకుంటోందండీ. లోపలికి రండి."

"దాన్ని పిలవమను" అన్నాడు బాబాయ్. అప్పటికే లేచి నిలబడ్డాడు.

ఆవిడ లోపలికి తిరిగి, "నాన్న రావచ్చా అమ్మా?" అని అడిగింది. మిషన్ ఆగింది. పిచిక తలుపు వైపు ఒకసారి చూసి, డాక్టరమ్మ వైపు తిరిగి మళ్ళీ నోరు తెరిచింది. తర్వాత మిషన్ మళ్ళీ మొదలైంది.

ఆవిడ తలుపు దగ్గరగా వేసింది. బాబాయ్ బెంచీ మీద కూర్చున్నాడు.