కాటా మనిషి రెండు వాక్యాలు

వాగ్దేవతకు నమస్కరించి, నాలోని మాత్సర్యాన్ని దాచకుండా చెప్పే బలమిమ్మని వేడుకొని, మాఘ శుద్ధ పంచమి నాటి ఉదయం ఇది మొదలుపెడుతున్నాను.

అనకాపల్లిలో నేను పనిచేసే బెల్లం కంపెనీకి ముప్పయ్యేళ్లుగా ఉత్తరాలు, ప్రకటనలు, సన్మానపత్రాలు రాసినవాణ్ణి నేనే. నా చూపు పడకుండా అక్కడినుంచి ఒక్క వాక్యమైనా బయటికి పోయేది కాదు.

కిందటి కార్తికంలో యజమాని నన్నూ, కాటా దగ్గర బెల్లం తూచే మనిషినీ పిలిచారు. అంతర్జాల విజ్ఞానసర్వస్వంలో మా కంపెనీ మీద ఒక పుట ఉంది. కంపెనీ విశాఖపట్నంలో పుట్టిందని అందులో రాశారు. పుట్టింది ఈ ఊళ్లోనే. తన తండ్రి తొలి దుకాణం తెరిచిన చోటు మారిపోయిందని ఆ వృద్ధుడికి బాధ. "నేను పోయేలోగా అది దిద్దించండి" అన్నారు.

అక్కడి నియమం ప్రకారం ఉద్యోగులు తమ కంపెనీ పుటను స్వయంగా దిద్దరాదు. తామెవరో చెప్పుకొని, కావలసిన మార్పును చర్చాపుటలో ప్రతిపాదించాలి. ఏ సంబంధమూ లేని సంపాదకులు పరిశీలించి, ఒప్పుకుంటే మారుస్తారు.

నేను సుదీర్ఘ సమాసాలతో ఒక పేరా కూర్చాను. వ్యవస్థాపకుణ్ణి దాతృత్వంలో పురాణపురుషులతో పోల్చాను. ఆధారం కోసం ఆ మాటలనే మా లెటర్‌హెడ్ మీద టైపు చేయించి, కంపెనీ ముద్ర వేసి, ఫొటో తీసి జతపరిచాను. మా బెల్లం మార్కెట్లో ముద్ర పడిన కాగితాన్ని ఎవరూ ప్రశ్నించరు. రెండు రోజులకు జవాబు వచ్చింది: "ఇది ప్రశంస. మీ మాటకు మీ ముద్రే సాక్ష్యం కాజాలదు."

కాటా మనిషి, ఆ పుటలో ఇంకా నడుస్తున్నట్టే ఉన్న మా సబ్బవరం శాఖ మూతపడిందని రెండే వాక్యాలు రాసి, పత్రికలో పడిన వార్త జతచేశాడు. మర్నాడే ఒప్పుకున్నారు. ఆ రెండు వాక్యాలను ఎన్నిసార్లు చదివానో! అలంకారం లేదు, లయ లేదు. దోషం వెతికాను, అదీ లేదు. యజమాని అందరి ముందూ అతని భుజం తట్టినప్పుడు నేను కళ్లజోడు తుడుచుకుంటూ నిలబడ్డాను.

ఆ సాయంత్రం అతను నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"మామా, ఆళ్లకి స్టాంపులక్కర్లేదు. మన షాపు తెరిసినప్పుడు పేపర్లో ఏటైనా పడిందేటి? నీ కాడ పాత కాయితాలుంటాయి గదా."

"లేవు."

"ఓపాలి సూడు మామా. దొరికితే మనూరి పేరెక్కుద్ది."

"లేవన్నాను కదా! తూకం చూసుకో. వ్యాసాలు నీకెందుకు?"

"సర్లే, కోప్పడకు. నువ్వు రాసింది మా ఆవిడకి సదివి ఇనిపించేను. శుభలేఖలాగుందంది." నవ్వుతూ వెళ్లిపోయాడు. ఆ నవ్వులో ఎగతాళి లేకపోవడమే నన్ను మరింత కాల్చింది.

అతనడిగిన కాగితం, మా తొలి దుకాణం తెరిచినప్పుడు పత్రికలో పడిన వార్త ముక్క, నా నిఘంటువు పుటల మధ్య భద్రంగా ఉంది. నేనే జతచేద్దామని మూడుసార్లు కూర్చున్నాను. కానీ దాని బలంతో నా పేరాలో నిలిచేది ఒకటే: "ఈ కంపెనీ అనకాపల్లిలో మొదలైంది." అది అతను రాయగల వాక్యం. అతనిలా రాయడం కన్నా పుట తప్పుగా ఉండడమే మేలనిపించింది. యజమాని ఇప్పుడు మంచం దిగడం లేదు. నిన్న చూడబోతే, "మారిందా?" అని అడిగారు. "పరిశీలిస్తున్నారండి" అన్నాను.

ఇంతవరకు రాసినదాన్ని రోజూ తిరిగి చదువుకున్నాను; మాఘ బహుళ విదియ నాడు ఆ ముక్కను కాటా దగ్గరికి తీసుకువెళ్లి అతనికిచ్చాను. బహుళ షష్ఠి నాడు పుటలో ఊరి పేరు మారింది. ప్రతిపాదించినవారుగా అతని పేరే ఉంది.