గ్రంథాలయం హాలు గోడలు

నా చిన్నప్పుడు, అంటే డెబ్బైల్లో, పుదుచ్చేరి నెల్లితోపులో మా తెలుగువాళ్ళకొక గ్రంథాలయం హాలు ఉండేది. నెల్లితోపు ఇంకా పల్లెగా ఉన్న రోజుల్లో మా పెద్దలు కట్టించుకున్నది. సున్నం పని చేసే మా తాతయ్య కుర్రతనంలో దాని గోడలకు పూత పూశాడు. ముసలితనంలో దాని తాళంచెవి ఆయన దగ్గరే ఉండేది. ఆయనకు తెలుగు చదవడం రాదు. పుస్తకాల దుమ్ము దులిపేవాడు, నాకు మాత్రం గోడల గురించి చెప్పేవాడు.

అవి మూరెడు మందం గోడలు. సున్నంలో కోడిగుడ్డు తెల్లసొన కలిపి, నున్నటి రాయితో రోజుల తరబడి రుద్దితే ఆ మెరుపు వచ్చిందట. ఎండాకాలం మధ్యాహ్నం చెంప ఆనిస్తే నీళ్ళకుండను తాకినట్టుండేది. కిటికీలకు చెక్క రెక్కలు, కప్పు కింద గుండ్రటి గాలి రంధ్రాలు. "వేడి గాలి పైకి పోతాది, దానికి దోవ ఇడసాల," అనేవాడు. పైన టేకు దూలాలు, వాటి మీద నిలువుగా పేర్చిన సన్న ఇటుకలు.

వానాకాలంలో మూడు చోట్ల కారేది. మిద్దె మీద తూము దగ్గర సున్నం లేచిపోయింది. కాసింత సున్నం ఇప్పించమని తాతయ్య మా తెలుగు సంఘం పెద్దను రెండేళ్ళుగా అడుగుతూనే ఉన్నాడు. ఆ పెద్దాయన బజారులో బట్టల వ్యాపారి, మాకు దూరపు చుట్టం. నేను పెదనాయనా అని పిలిచేదాన్ని.

ఒక మధ్యాహ్నం తాతయ్య నన్ను హాల్లో కూర్చోబెట్టి అన్నానికి ఇంటికి పోయాడు. అప్పుడు పెదనాయన వచ్చాడు, వెంట నోటుపుస్తకం పట్టుకున్న ఒకాయన. నా చేతిలో కమ్మర్‌కట్టు మిఠాయి పెట్టి, "పాపా, వాన నీళ్ళు యాడ యాడ కారతాయో నీకు బాగా తెలుసంట గదా. సూపీ," అన్నాడు. నాకు పదేళ్ళు. అంతటి పెద్దమనిషి నన్ను అడగడమే గొప్పగా అనిపించింది. మూడు చోట్లూ చూపించాను. అడగకపోయినా బీరువా వెనక్కి తీసుకుపోయి, చెమ్మకు ఉబ్బిన పూతను వేలితో గీరి రాల్చి చూపించాను. రెండో ఆయన అన్నీ రాసుకున్నాడు.

ఆదివారం సంఘం కూడినప్పుడు ఆ రాత చదివారు. గోడలు బలహీనపడ్డాయి, పిల్లల మీద కూలతాయి, పడగొట్టి అంగళ్ళు కట్టాలి అని. తాతయ్య లేచి, "గోడలకేం కాలేదయ్యా. తూముకాడ రెండు దినాల పని, అంతే," అన్నాడు.

పెదనాయన నవ్వాడు. "ఏంది చిన్నాయనా, మీ పాపే గదా గోడ రాల్చి సూపించింది!"

తాతయ్య తిరిగి నన్ను చూశాడు. కోపం ఉండి ఉంటే నాకు తేలికయ్యేది. లేదు. మళ్ళీ కూర్చున్నాడు.

ఇంటికి పోయే దోవలో నేను ఏడుస్తుంటే, "నువ్వు అబద్ధం సెప్పలేదు గదా. ఎందుకడగతా ఉండావు పెదనాయనా అని ఒక్క మాట అడిగుండాల్సింది," అన్నాడు.

రెండు రోజుల్లో పడగొడతామన్న కూలివాళ్ళకు పన్నెండు రోజులు పట్టింది. గడ్డపార వేస్తే పొడి రాలేది గాని ఇటుక కదిలేది కాదు. తాతయ్య రోజూ ఎదురింటి అరుగు మీద కూర్చుని చూశాడు. ఒక కూలాయన బొబ్బలెక్కిన అరచేతులు ఊదుకుంటూ, ఈ గోడలు లేపినవాళ్ళెవరో అని తమిళంలో తిట్టాడు. "వాళ్ళలో నేనూ ఒకణ్ణి," అన్నాడు తాతయ్య, తమిళంలోనే. ఆ మనిషి తల దించుకున్నాడు.

పుస్తకాలు గోతాల్లో కుక్కి పెదనాయన గోదాములో వేశారు. చెదలు తిన్నాయి. కొత్త అంగళ్ళలో మొదటిది ఆయనే తీసుకున్నాడు. తాతయ్య మళ్ళీ ఆ వీధిన నడవలేదు.

ఇప్పుడు నాకు అరవై దాటాయి. ఎవరు తియ్యగా ఏది అడిగినా, నా నోటి నుంచి ముందు "ఎందుకు?" అనే వస్తుంది. ఆ మాట నన్ను కొన్ని మోసాల నుంచి కాపాడింది కూడా. మొన్న మా మనవరాలు ఒళ్ళో తల పెట్టి, "అవ్వా, నీకు ఏ కూర ఇష్టం?" అంది. "ఎందుకు?" అన్నాను. ఆ పిల్ల ముఖం చిన్నబోయింది. ఇష్టమైన కూర పేరు చెప్పడానికి కూడా జంకే మనిషినయ్యాను.