వెనక చక్రాల కింద పేపరు

దిల్‌సుఖ్‌నగర్ చుట్టూ కాలనీలు లేస్తున్న రోజులవి. మా పాత కారు వెనక యాక్సిల్ నుంచి ఆయిల్ కారేది. ఎల్బీనగర్‌లో ఇంటి ముందే షెడ్డు వేసుకున్న మెకానిక్, ఆయిల్ కారనివ్వని రబ్బరు సీలు మార్చినా కారు వెంటనే ఇచ్చేవాడు కాదు. భార్య తెచ్చిచ్చిన పాత పేపరు వెనక చక్రాల కింద పరిచి, తెల్లారేదాకా ఆపేవాడు.

"అంత అనుమానమేంటయ్యా?" అనేవారు నాన్న.

"నా చేతుల్ని నమ్మను సార్. గీ కాయితం చెప్తేనే నమ్ముత."

పొద్దున పేపరు పొడిగా కనిపిస్తేనే నవ్వేవాడు.

చివరిసారి సీలు మార్చిన వారానికే పోయాడు. పరామర్శకు వెళ్ళాం. కారు ఆగగానే ఆయన భార్య అలవాటుగా పేపరు తెచ్చి పరిచింది. మేం బయల్దేరుతుంటే వంగి తీసింది. ఒక్క చుక్కా లేదు.

"ఆయనుంటే గిప్పుడు నవ్వుతుండె సార్," అంటూ అక్కడే కూలబడింది.